జరగకముందే అచ్చయిన ఓటు

ఎజ్రా ట్విచెల్ నడిపిన పేపరు పేరు బీకన్. బుధవారం మధ్యాహ్నం రెండింటికి యంత్రం ఎక్కేది, గురువారం పొద్దు తిరిగేలోపు విల్లార్డ్ కౌంటీలో వంటిల్లున్న ప్రతి చోటికీ చేరేది. నాలుగు పేజీలు. లోపలి రెండు పేజీలూ రాజధాని నుంచి అచ్చయే వచ్చేవి. వాటిల్లో ధారావాహిక కథ, ఆడవాళ్ళ టోపీలు, కాలేయానికి మందులు, ఎవరిదో ఒక ప్రసంగం ఉండేవి. బయటి రెండు పేజీలూ ఖాళీగా వచ్చేవి. వాటిని ఎజ్రా రాసేవాడు, అతని భార్య లవీనియా అక్షరం అక్షరం ఏరి కూర్చేది, ఇద్దరూ కలిసి చేతియంత్రం మీద నొక్కేవారు. ఊళ్ళో వాళ్ళు ఎప్పుడూ బయటి పేజీలే ముందు చదివేవారు. లోపలివి ఎవరు రాశారో తెలీదు, బయటివి ఎజ్రా రాసినవి.

ఎజ్రా మెత్తని మనిషి. ఆదివారం మెథడిస్టు గుడిలో పెద్దపిల్లలకి బైబిలు పాఠం చెప్పేవాడు. ఎవరింట్లో జబ్బు చేసినా వాకిట్లో చప్పుడు కాకుండా బండి ఆపేవాడు. పేపర్లో ఒకళ్ళని నొప్పించిన వాక్యం లేదు. అబద్ధం అసలే లేదని అతను అనుకునేవాడు, అందరూ అనుకునేవారు.

అయితే ఆ వృత్తిలో అందరూ చేసే పని ఒకటి అతనూ చేసేవాడు. బుధవారం మధ్యాహ్నం పేపరు యంత్రం ఎక్కిపోతుంది, గుడిలో విందేమో అదే సాయంత్రం. ఆ వార్త వచ్చే వారం దాకా ఆపితే చద్దిదైపోతుంది. అందుకని మధ్యాహ్నమే రాసేసేవాడు, విందు బహు చక్కగా జరిగిందనీ, శ్రీమతి హోల్కోమ్ చేసిన ఆపిల్ 'పై' వంటకం అందరి మన్ననా పొందిందనీ. విందు ఎప్పుడూ చక్కగానే జరిగేది, ఆ వంటకం ఎప్పుడూ మన్నన పొందేది. కనుక అది అబద్ధమని అతనికెప్పుడూ తోచలేదు.

ఆ ప్రాంతంలో పేపరు నడిపే మనిషి రాజకీయాల్లోకి వెళ్ళడం వింతేమీ కాదు. అందరి పేర్లూ తెలిసినవాడు, అందరి బల్లల మీదా పేరున్నవాడు అతనే కదా. పద్దెనిమిది వందల తొంభై రెండు వేసవిలో స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు నెల్స్ ఓస్ట్రమ్ బండి తోలుకుని అచ్చుగది ముందు ఆగాడు.

"ఎడిటర్, ధాన్యం మీద రైలు వాళ్ళు వేసే బాడుగ దోపిడీ అని ఎన్నాళ్ళుగా రాస్తున్నావు?"

"ఆరేళ్ళవుతోంది నెల్స్."

"మేం ఆరేళ్ళుగా చదువుతున్నాం. వాళ్ళు ఆరేళ్ళుగా పిండుతున్నారు. రాజధానిలో నీ పేపరు ఎవడూ చదవడయ్యా. నువ్వే వెళ్ళి వాళ్ళ చెవిలో చెప్పిరా."

లవీనియా సిరా చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఆయన వెళ్తే పేపరెవరు చూస్తారు?"

"ఇప్పుడెవరు చూస్తున్నారమ్మా?" అన్నాడు ఓస్ట్రమ్. ముగ్గురూ నవ్వారు.

ఆ శరత్కాలంలో ఎజ్రా పల్లెటూరి బడుల అరుగుల మీద నిలబడి ఒకటే మాట చెప్పాడు: "బాడుగ తగ్గించే బిల్లు సభకి వస్తే నా పేరు పిలిచినప్పుడు లేచి అవునంటాను." నెగ్గాడు. జనవరిలో గుడ్డసంచీ పట్టుకుని రాజధాని వెళ్ళాడు. ఎడిటర్లకీ సభ్యులకీ రైలు కంపెనీ ఊరికే ఇచ్చే పాసు చొక్కా జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాడు. అందరూ అలాగే వెళ్ళేవారు.

ఫిబ్రవరిలో బిల్లు వచ్చింది. మంగళవారం ఓటు అన్నారు. లెక్కలు వేసినవాళ్ళు మూడు ఓట్లతో గట్టెక్కుతుందన్నారు. అతని ఊరికి వెళ్ళే శాఖలైను మీద రైలుబండి వారానికి మూడుసార్లే: సోమ, గురు, శనివారాలు. సోమవారం బండికి పంపకపోతే బుధవారం పేపర్లో వార్త ఉండదు. కౌంటీ అంతా ఆరేళ్ళుగా ఎదురుచూసిన వార్త అది. ఎజ్రా సోమవారం మధ్యాహ్నం సభలో తన బల్ల మీదే కూర్చుని రాశాడు: నిన్న మంగళవారం నాడు ధాన్యపు బాడుగ బిల్లు మూడు ఓట్ల ఆధిక్యంతో నెగ్గింది. మన కౌంటీ సభ్యుడు లేచి అవునన్నాడు. రాసి, మడిచి, బండికి అందించాడు.

మంగళవారం సభ మొదలైన పది నిమిషాలకే సభాపతి తలనొప్పి అని లేచిపోయాడు. ఓటు బుధవారానికి వాయిదా పడింది. మెట్లు దిగుతుంటే ఒక గుమాస్తా ఎదురొచ్చి, కర్నల్ గారు రమ్మంటున్నారన్నాడు.

కర్నల్ థాడియస్ ప్రాక్టర్ రాజధానిలో దినపత్రికకి యజమాని. ఎగువసభలో సభ్యుడు కూడా. కుర్రతనంలో అచ్చు అక్షరాలు కడిగి పైకొచ్చిన మనిషి, గోళ్ళ మొదట్లో ఇంకా నలుపు కనిపించేది. కౌంటీల్లో చిన్న పేపర్లన్నిటికీ సగం అచ్చయిన కాగితాలు వెళ్ళేది అతని యంత్రాల నుంచే. ఎజ్రాకి పార్టీ తరఫున సీటిప్పించిందీ అతనే.

"కూర్చో ఎజ్రా. నీ బీకన్ నేను ప్రతివారం చదువుతానని తెలుసా?"

"మీ దయ కర్నల్ గారూ."

"దయ కాదోయ్. నా కాగితం మీద నువ్వేం అచ్చేస్తున్నావో చూసుకోవద్దూ?" నవ్వాడు. తన చేత్తోనే కాఫీ పోసిచ్చాడు. "రేపు నువ్వు కాదనాలి. అంత మాట నోటికి రాకపోతే, నీ పేరు పిలిచే వేళకి కోట్లు తగిలించే గదిలోకి పోయి దగ్గుతూ కూర్చో. దగ్గుతున్న మనిషిని ఎవడూ ఏమీ అనడు."

"మావాళ్ళకి మాటిచ్చాను కర్నల్ గారూ."

"నేనూ ఇచ్చాను. నీకు సీటిప్పించేటప్పుడు, నీ సంగతి నేను చూసుకుంటానని రైలు వాళ్ళకి." గొంతు పెంచలేదు. "యంత్రాలన్నాక చెడిపోతుంటాయి. మార్చి నుంచి నీ కాగితాలు రాకపోవచ్చు. సర్కారు డబ్బిచ్చి వేయించే భూమి పట్టాల ప్రకటనలు ఏ పేపరుకివ్వాలో చెప్పే ఆఫీసరు కూడా మనవాడే. అవి పక్క ఊరికి పోతే నీ భార్య పాపం ఏం కూర్చుతుంది? నాకు బాధగానే ఉంటుంది ఎజ్రా. నిజంగా."

నిజంగానే బాధపడేలా ఉన్నాడు. అది చూసే ఎజ్రాకి ఎక్కువ భయం వేసింది.

వీధిలోకొచ్చి నడిచాడు. ఆ కాగితాలు లేకపోతే నాలుగు పేజీలు నింపడానికి అతని దగ్గర అచ్చు అక్షరాలే చాలవు. పట్టాల ప్రకటనలు పోతే పేపరు వేసవి దాటదు. కాదంటే పేపరు బతుకుతుంది. కాని ఈ వేళకి లవీనియా అతను అవునన్నట్టు అక్షరాలు కూర్చేసి ఉంటుంది.

తంతి ఆఫీసుకెళ్ళి చీటీ తీసుకున్నాడు. "ఓటు వార్త ఆపు" అని రాశాడు. రాసినవాడు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. వాళ్ళ ఊళ్ళో తంతి అందుకునేది స్టేషన్లో క్లెమ్ హ్యాచ్. ఎవరికి పురుడొచ్చిన కబురైనా ఆ ఇంటివాళ్ళ కంటే ముందు వీధికి చెప్పే మనిషి, పైగా కంపెనీ మనిషి. ఈ మూడు ముక్కలూ క్లెమ్ చెవిన పడితే, ఎజ్రా రాజధానిలో మాట తప్పాడని దీపాలు పెట్టేలోపు కౌంటీ అంతా తెలుస్తుంది. ఆపకపోతేనో, మాట తప్పే దారే లేదు. చీటీ చింపేశాడు.

కిటికీ వెనక గుమాస్తా తల ఎత్తి, "రాయడం కుదరలేదా అండీ? ఇంకో చీటీ తీసుకోండి, పర్లేదు" అన్నాడు.

"వద్దు బాబూ. చెప్పేదేమీ లేదు" అన్నాడు ఎజ్రా.

బుధవారం పొద్దున పదింటికి సభ కూడింది. ఏడుగురు సభ్యులు కనబడలేదు. అలాంటప్పుడు తలుపులకి తాళం వేసి, భటుల్ని పంపి, లేనివాళ్ళని పట్టుకొచ్చే దాకా ఉన్నవాళ్ళని కదలనివ్వకూడదని సభలో నియమం. తాళం పడింది. తాళంచెవి అమోస్ పెట్టిబోన్ మెడలో వేలాడుతోంది. అతను యుద్ధంలో ఎడమచేయి పోగొట్టుకున్న ముసలాయన, ఇరవై ఏళ్ళుగా ఆ తలుపు దగ్గరే ఉంటున్నాడు.

పన్నెండయింది. ముగ్గురే దొరికారు. ఎజ్రా తలుపు దగ్గరికెళ్ళాడు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం బయటికి పంపవా? గాలి ఆడట్లేదు."

"సభాపతి ఆజ్ఞ బాబూ. దేవదూత వచ్చి అడిగినా తియ్యను. గాలి కావాలంటే ఆ కిటికీ దగ్గర నిలబడు." అమోస్ అతని మొహంలోకి చూశాడు. "పొద్దున్నేం తిన్నావు?"

"ఆకలి లేదు."

"ఆకలి లేదన్నవాడి మొహం నాకు తెలుసులే. ఇలా కూర్చో." అమోస్ ఒళ్ళో గుడ్డ పరిచి, రొట్టెని మోకాలికి నొక్కిపట్టి ఒంటిచేత్తో విరిచాడు. చల్లారిన పంది మాంసం ముక్క పెట్టి ఇచ్చాడు. పెద్దముక్క ఎజ్రాకిచ్చి చిన్నది తను ఉంచుకున్నాడు. "ఈ తలుపు లోపల నేను చాలామందిని చూశాను. లోపలున్నవాళ్ళంతా బయటికి పోవాలంటారు. ఎన్నికల్లో మాత్రం బయటున్నవాళ్ళంతా లోపలికి రావాలంటారు. తిను."

ఎజ్రా తిన్నాడు. ఇచ్చినవాడి మొహం చూసి తిన్నాడు.

తిరిగి తన బల్ల దగ్గర కూర్చున్నాక గోడగడియారం రెండు కొట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. అక్కడ, నూట నలభై మైళ్ళ అవతల, లవీనియా యంత్రం పిడి లాగుతోంది. కాగితం పరవడం, పిడి లాగడం, కాగితం తియ్యడం. ఆరువందల సార్లు. ప్రతిసారీ అతను లేచి అవునంటున్నాడు. అమోస్ వేసిన తాళం ఏదో ఒక వేళకి తీస్తారు, ఈ తాళం మాత్రం ఎవరూ తియ్యలేరు. వేసుకున్నది తనే.

పక్క కుర్చీలో సైలాస్ గ్రిగ్స్ ఉన్నాడు, కర్నల్ పనులు చక్కబెట్టే సభ్యుడు. "ఏం ఎడిటర్ గారూ, దగ్గు మొదలవలేదా? ఫిబ్రవరి కదా, జాగ్రత్త" అని ఇకిలించాడు.

నాలుగింటికి ఏడోవాణ్ణి మంగలి షాపు నుంచి సగం గడ్డంతో పట్టుకొచ్చారు. సభంతా పగలబడి నవ్వింది. ఎజ్రాకి నవ్వు రాలేదు. గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నూరుమంది సభ్యులు, యాభై ఒక్క ఓట్లు కావాలి. ఎజ్రా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాడు. అవునంటామని చేతిలో చెయ్యేసి చెప్పినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నేలచూపులు చూస్తూ కాదన్నారు. అతని వంతు దగ్గరపడేసరికి అవునన్నవి నలభై నాలుగు, కాదన్నవి యాభై రెండు. మిగిలింది నలుగురు. బిల్లు పోయింది.

గ్రిగ్స్ అతని వైపు వంగాడు. ఈసారి ఎగతాళి లేదు, జాలిగానే అన్నాడు. "ఎజ్రా, వినవయ్యా. ఇక నీ ఓటుతో పనే లేదు. నువ్వేమన్నా నీ రైతులకి గింజ ఒరగదు. కాదని కూర్చో. నీ పేపరు నీకుంటుంది."

ఆ మాటలో అబద్ధం ఎక్కడా లేదు. ఎజ్రా ప్రార్థన చెయ్యబోయాడు. "ప్రభువా" అన్నాక తర్వాతి మాట రాలేదు.

"ట్విచెల్!" అన్నాడు గుమాస్తా. "మిస్టర్ ట్విచెల్!"

ఎజ్రా లేచాడు. కుర్చీ చప్పుడైంది. "అవును" అన్నాడు.

ఎవరూ తల తిప్పలేదు. గుమాస్తా గీత పెట్టి తర్వాతి పేరు పిలిచాడు.

గురువారం బండెక్కాడు. రెండో స్టేషన్ దాటాక కండక్టర్ వచ్చి పాసు చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. "మిస్టర్ ట్విచెల్, మీ పాసు చెల్లదని పొద్దున తంతి వచ్చిందని స్టేషన్ మాస్టర్ ఒక చీటీ ఇచ్చాడు. నేను ఇంకా విప్పలేదు. నా కళ్ళజోడు పెట్టెలో ఉంది. మీరు దిగాక విప్పి చదువుకుంటా." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊరు వచ్చింది. ఫ్లాట్‌ఫాం మీద ఓస్ట్రమ్, అతని వెనక పదిహేను బళ్ళు. ఎవరో జెండా కూడా తెచ్చారు. ఎజ్రా మెట్టు మీదే ఆగిపోయాడు. దిగకుండా ఉండటానికి బండి ఇక ముందుకు పోదు, ఆ లైనుకి అదే ఆఖరి ఊరు.

"దిగవయ్యా దొరా!" అని ఓస్ట్రమ్ అతన్ని దాదాపు ఎత్తి దింపాడు. "గుడి నేలమాళిగలో విందు. ఆడవాళ్ళు పొద్దున్నుంచీ కోళ్ళు కోస్తున్నారు."

"నెల్స్, ఒక్క మాట..."

"తిన్నాక చెబుదువుగాని. ఇది విన్నావా? నిన్న సాయంత్రం క్లెమ్ హ్యాచ్ గాడు వీధిలోకొచ్చి, బిల్లు పోయింది, తంతిలో విన్నానంటాడు. నేను బీకన్ తీసి వాడి ముక్కు కింద పెట్టా. రైలు వాడి తీగ నమ్మాలా, మా ఎజ్రా అచ్చు నమ్మాలా అన్నా. ఊరంతా వాణ్ణి ఆడుకుందిలే. హోల్కోమ్ గారైతే కొట్టులోకే రావద్దన్నాడు."

స్టేషన్ కిటికీలో క్లెమ్ కనిపించాడు. ఈ వైపు చూడకుండా తన యంత్రం మీద వంగి ఉన్నాడు.

"నెల్స్, క్లెమ్‌ని కూడా పిలుచుకు రా" అన్నాడు ఎజ్రా.

"వాణ్ణెందుకు?"

"రమ్మను."

నేలమాళిగ నిండా జనం, కోడిమాంసం వాసన, పిల్లల అరుపులు. లవీనియా మూల నిలబడి ఉంది. అతని మొహం చూడగానే ఆమెకి తెలిసిపోయింది. చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేసింది. క్లెమ్ గుమ్మంలోనే ఆగాడు. ఎజ్రా టోపీ తీసి అక్కడికే వెళ్ళి నిలబడ్డాడు, అందరికీ వినబడేలా.

"క్లెమ్ నిజం చెప్పాడు. నా పేపరు అబద్ధం చెప్పింది. బిల్లు నెగ్గలేదు. నేను ఆ వార్త సోమవారమే రాసి పంపాను, అప్పటికి ఓటే జరగలేదు. అవునని మాత్రం అన్నాను. క్లెమ్, నీకు నా వల్ల అవమానం జరిగింది. క్షమించు."

"పర్లేదు మిస్టర్ ట్విచెల్, నాకు అలవాటే" అన్నాడు క్లెమ్. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ వడ్డించబోతున్న గరిటె అలాగే గాల్లో ఆగింది. వెనక బల్ల నుంచి ముసలి రైతొకడు గొంతెత్తాడు.

"అయితే ఎడిటర్, జనవరిలో మా అన్న చావువార్త కూడా ముందే రాసి ఉంచావా?"

"లేదు బ్రదర్."

"మరి మేం ఎలా నమ్మాలి?"

గరిటె పట్టుకున్నావిడే, "కోడి చల్లారిపోతోంది, కూర్చోండి ముందు" అంది. జనం కూర్చున్నారు. తిన్నారు. హోల్కోమ్ లేచి తన పక్కన క్లెమ్‌కి చోటిచ్చాడు.

ఇంటికెళ్ళాక లవీనియా అంది, "మిస్టర్ ట్విచెల్, మీ కాగితం చదివినప్పుడే అనుకున్నాను. సోమవారం బండికి వచ్చిన కాగితంలో మంగళవారం సంగతి ఉందేమిటని."

"మరెందుకు కూర్చావు?"

"మూడు ఓట్ల సంగతి నాకు తెలీదు. అవునంటారని మాత్రం తెలుసు. అందుకని కూర్చాను." ఆమె అతని కోటు తీసి వంకెకి తగిలించింది.

అదే అతన్ని ఎక్కువ నలిపింది.

తర్వాతి వారం బీకన్ మొదటి పేజీ పైభాగంలో, మామూలుగా రాజధాని కబుర్లు ఉండే చోట, సవరణ వచ్చింది. తన పేరుతోనే రాశాడు, తన చేతులతోనే కూర్చాడు. డెబ్భైమంది చందా మానేశారు. మార్చిలో సగం అచ్చయిన కాగితాలు రావడం ఆగిపోయింది, పట్టాల ప్రకటనలు పక్క ఊరికి పోయాయి. హోల్కోమ్ తన కొట్టులో సరుకులు చుట్టే గోధుమరంగు కాగితం ఒక చుట్ట తెచ్చి అచ్చుగది గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. చాలాకాలం బీకన్ దాని మీదే రెండు పేజీలుగా వచ్చింది. మళ్ళీ ఎన్నికలకి పార్టీ అతని పేరు తలుచుకోలేదు. గుడివిందు వార్త ఇప్పుడు వారం ఆలస్యంగా వచ్చేది. జనం విసుక్కునేవారు, కాని చదివేవారు.

ఆ వేసవిలో ఓస్ట్రమ్ గంపలో గుడ్లు తెచ్చాడు. ఫిబ్రవరి తర్వాత అచ్చుగది గడప తొక్కడం అదే మొదలు. కాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత అన్నాడు:

"చాన్నాళ్ళు ఆలోచించానయ్యా. నీ ఓటుతో లాభం లేదని తెలిసీ లేచి అవునన్నావంటగా. క్లెమ్ చెప్పాడు. నాకది చాలు."

ఎజ్రా సిరా గుడ్డ కింద పెట్టాడు. లవీనియాకి కూడా చెప్పని మాట అది. "నెల్స్, అప్పటికే ఆరువందల కాగితాలు అచ్చయిపోయాయి. అచ్చు కాకపోయి ఉంటే ఆ నోటితో ఏమనేవాణ్ణో నాకు తెలీదు. ఎంత వెతికినా తెలియడం లేదు."

తలుపు బయట గుర్రం నేల గీరుతోంది.

"నాకూ తెలీదు" అన్నాడు ఓస్ట్రమ్. "దేవుడికి తెలుస్తుంది, కాని ఆయన మనకి చెప్పడు. నువ్వది మోసుకు తిరగాల్సిందే ఎజ్రా." గంప అతని చేతికిచ్చాడు. "కింద ఉన్నవి పెద్దవి. నిదానంగా దించు, పగులుతాయి."

ఎజ్రా గంప రెండు చేతులా పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ లోపలికి నడిచాడు.